పాము చెవులు

జూన్ 3, మంగళవారం

పక్క సీటు పిచ్చుక నా హెడ్‌సెట్ ముట్టుకుంది. కళ్ళతో చూడలేదు కానీ నాకు తెలుసు. తీగను నేను ఎప్పుడూ కుడివైపుకి చుట్టి పెడతాను. ఈరోజు ఎడమవైపుకి చుట్టి ఉంది.

మా అమ్మాయి నాలుగు పేజీలు రాసి వదిలేసిన డైరీ ఇది. ఆ పేజీలు చింపేసి తీసుకున్నాను. నోటితో అనకూడని మాటలు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఫోన్లు తీస్తున్నాను. ఏడుస్తూ చెప్పినా, నత్తిగా చెప్పినా, తాగి చెప్పినా అడ్రసు ఒక్కసారికే పట్టేస్తాను. మీవి పాము చెవులమ్మా అంటారు డ్రైవర్లు. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాకు రావాలి. కానీ పక్క సీట్లో ఈ పిల్ల ఉంది, పిచ్చుక అని నేనే పేరు పెట్టుకున్నాను. చేరి ఏడాది కాలేదు. చిన్న మనిషి, కిచకిచమని మాట్లాడుతుంది, టైపింగ్‌లో వేళ్ళు కనపడవు. మేనేజరుకి తెగ ఇష్టం.

మధ్యాహ్నం నుంచి ఫోన్లో అందరూ నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది. నాలుగు మాటలకి ఒకటి జారిపోతోంది. మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అని అడుక్కోవలసి వచ్చింది. పక్క నుంచి పిచ్చుక చూస్తూనే ఉంది.

జూన్ 5, గురువారం

టెక్నీషియన్ వచ్చి నా హెడ్‌సెట్ విప్పి చూసి, బాగానే ఉందన్నాడు. బాగుంటే నాకెందుకు అలా వినపడుతుంది? పిచ్చుక టీకి వెళ్ళినప్పుడు తన హెడ్‌సెట్ పెట్టుకున్నాను. అందులోనూ అదే గోల.

అంటే లైన్లోనే ఏదో చేసింది. ఆ టెక్నీషియన్ కూడా ఆ పిల్లతో నవ్వుతూ మాట్లాడతాడు.

జూన్ 8, ఆదివారం

ఇంట్లో కూడా మొదలైంది.

మా ఆయన, అమ్మాయి వంటింట్లో ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళాను. మాటలు ఆపలేదు. ఆపితే అనుమానం వస్తుందని తెలుసు కాబోలు. మాట్లాడుతూనే ఉన్నారు, కానీ నాకు అందకుండా. రైలు పక్క నుంచి వెళ్తున్నప్పుడు కిటికీల్లో మనుషులు కనపడతారు చూడండి, మొహం తెలిసేలోపే వెళ్ళిపోతారు. వాళ్ళ మాటలు అలా ఉన్నాయి.

నోట్లో ఏం నానబెట్టుకున్నారని అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

టీవీలో వార్తలు చదివే మనిషి కూడా మాటలు మింగేస్తున్నాడు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, ఏ యంత్రమైనా రెండు తగిలిస్తే దారికొస్తుందని ఆయన నమ్మకం. టీవీకి రెండు తగిలించి, సౌండ్ పెంచారు. గోల పెద్దదైంది, అంతే.

జూన్ 11, బుధవారం

ఈరోజు ఫోన్లన్నీ గాజులా స్పష్టంగా వినపడ్డాయి. పిచ్చుకకి సెలవు.

జూన్ 13, శుక్రవారం

ఒక బండి తప్పు చోటికి వెళ్ళింది. నేను పంపిందేనట.

నిన్న సాయంత్రం ఒకావిడ ఫోన్ చేసింది. భర్త కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడని. ఆ కాల్ బాగా గుర్తుంది. పాల డిపో వెనక సందు అంది. నేను టైప్ చేశాను. బండి కదిలింది. అక్కడ తలుపు తలుపూ కొట్టినా అలాంటి ఇల్లు లేదట. ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే అది పిచ్చుకకి వెళ్ళింది. బళ్ళ డిపో వెనక సందట. ఊరికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి.

ఆవిడ పాల డిపో అనే అంది. నా చెవులతో నేను విన్నాను. భయంలో ఆవిడే తప్పు చెప్పి ఉండాలి. లేకపోతే నేను టైప్ చేశాక స్క్రీన్ మీద ఎవరో మార్చి ఉండాలి.

పెద్దాయన ఎలా ఉన్నారని అడిగాను. ఆస్పత్రిలో ఉన్నారన్నారు.

జూన్ 14, శనివారం

 వరసగా రాయాలి.

మేనేజర్ గదిలోకి పిలిచారు. మేనేజర్, ఇన్‌చార్జి, పిచ్చుక. పిచ్చుక ఎందుకు అని అడిగాను. రెండో కాల్ తీసింది తనే కాబట్టి అన్నారు. కంప్యూటర్లో రికార్డింగ్ పెట్టారు.

మొదట నా గొంతు అని వాళ్ళు అన్నది వచ్చింది. తర్వాత ఒక ఆడమనిషి ఏడుపు. ఏడుపు ఏడుపులాగే ఉంది. ఆ ఏడుపు మధ్యలో మాటలుండాల్సిన చోట మాటలు లేవు. ఎవరో పుక్కిలిస్తున్నట్టు, టేపుని వెనక్కి తిప్పినట్టు ఒక చప్పుడు. ముగ్గురూ తలలూపుతూ వింటున్నారు. ఒకచోట ఇన్‌చార్జి కళ్ళు మూసుకున్నాడు. అక్కడే అనుకుంటా, బళ్ళ డిపో.

ఎంత బాగా నటిస్తున్నారో అనుకున్నాను.

దీన్ని చెడగొట్టారన్నాను. ఇది అసలు కాల్ కాదన్నాను. ఈ పిల్ల నా తీగ ముట్టుకుంది, నా లైన్లో దూరింది, ఇప్పుడు రికార్డింగ్ కూడా మార్చింది, కుర్చీ కోసం ఒక మనిషి ప్రాణంతో ఆడుకుంటోంది అన్నాను. పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో గొంతు పెంచి ఎరగను. పిచ్చుక మొహం తెల్లగా పాలిపోయింది. నా లైన్లోకి వచ్చావా లేదా అని నేరుగా అడిగాను. తల దించుకుని, వచ్చానంది. ఆ ఒక్క మాటా స్పష్టంగా వినపడింది.

దొరికింది కదా. అయినా ఎవరూ దాన్ని ఏమీ అనలేదు. మేనేజర్ తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, చిన్నపిల్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా అడిగారు.

“అమ్మా, ఇందులో మీకేం వినపడుతోందో చెప్పండి.”

“అది మన భాషే కాదు సార్.”

 నన్ను సెలవు మీద పంపించారు.

జూన్ 16, సోమవారం

మా ఆయన చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడగానే బటన్ నొక్కమన్నారు. ఒక్కటి వదల్లేదు. చీమ నడిచినంత చప్పుడు కూడా పట్టాను. డాక్టర్ కాగితం మీద గీత చూపించి, ఇవి పాతికేళ్ళ అమ్మాయి చెవులన్నాడు.

నేను ముందే చెప్పాను. లోపం నాలో లేదు.

ఆ తర్వాత మాటల పరీక్ష అని ఏదో పెట్టబోయారు. అక్కర్లేదని లేచి వచ్చేశాను. తలుపు దగ్గర డాక్టరు మా ఆయన భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించి ఏదో అన్నాడు. మా ఆయన తలూపారు. వీళ్ళిద్దరికీ ముందే పరిచయం ఉందా?

జూన్ 19, గురువారం, ఉదయం

లేచేసరికి ఇంట్లో ఎవరూ మన భాష మాట్లాడటం లేదు.

అతిశయం కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కుళాయి నీళ్ళు కుళాయి నీళ్ళలాగే ఉన్నాయి. కుక్కర్ కూత, పక్కింటి గేటు, వీధిలో స్కూటర్, మెట్లమీద మా ఆయన చెప్పులు, అన్నీ సరిగ్గానే వినపడుతున్నాయి. కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పగలను. మనుషులు నోరు తెరిస్తే మాత్రం కంకరరాళ్ళు దొర్లుతున్నాయి. గొంతు మా ఆయనదే. మాటలు ఎవరివో.

తండ్రీకూతుళ్ళు కలిసి నాకు తెలియని భాష ఒకటి తయారుచేసుకున్నారు. నేను ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి వాళ్ళకి ఇబ్బందిగా ఉంది. నన్ను పిచ్చిదాన్ని చేసి ఎక్కడో పడేస్తే సుఖపడతారు. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

అమ్మాయి తలుపు కిందనుంచి కాగితం తోసింది. “అమ్మా, తలుపు తియ్యి. నీకేమీ వినపడట్లేదా?” అని రాసింది.

అదే కాగితం మీద రాసి తిప్పి పంపాను. “అన్నీ వినపడుతున్నాయి. మీరే మాట్లాడటం లేదు.”

తలుపు అవతల ఏడుపు వినపడింది. ఏడుపు కూడా నేర్చుకుంటారు కొందరు.

జూన్ 20, శుక్రవారం

సాక్ష్యం కావాలనుకున్నాను. మాట నిలబడాలంటే సాక్ష్యం ఉండాలి.

పొద్దున్నే ఎవరూ లేవకముందు ఫోన్లో రికార్డింగ్ పెట్టాను. కంట్రోల్ రూమ్ పద్ధతి ప్రకారం మొదట నా గొంతుతో తారీఖు చెప్పాను, నేనెవరో చెప్పాను, ఇంట్లో వాళ్ళు నా వెనక ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవడానికి దీన్ని పెడుతున్నానని చెప్పాను. ఫోన్ వంటింట్లో డబ్బాల వెనక దాచాను. వాళ్ళు టిఫిన్ తిని లేచాక తెచ్చుకుని, గదిలో పెట్టుకుని విన్నాను.

మొదట్లోనే ఆ కంకరరాళ్ళ గోల వచ్చింది. ఇంత తొందరగా ఎవరు లేచారా అనుకున్నాను. అది ఆగిపోయింది. తర్వాత ఫోన్ డబ్బాకి తగిలిన చప్పుడు, నా గాజులు, నా అడుగులు. ఆ తర్వాత చాలాసేపు ఖాళీ.

నా మాటలు ఎక్కడున్నాయి? వెనక్కి తిప్పాను. మళ్ళీ విన్నాను. మళ్ళీ తిప్పాను.

ఆ గోల నేనే.

మాట్లాడేటప్పుడు నేనేమంటున్నానో నాకు ముందే తెలుసు కదా, అందుకని వినవలసిన పని పడలేదు. ఇప్పుడు విన్నాను. నా గొంతే. ఒక్క అక్షరం లేదు. నా ఫోను, నా నోరు. మధ్యలో పిచ్చుక లేదు, మా ఆయన లేరు. ఎవరి మీద పెట్టను?

 భయమంటే ఏమిటో ఈ రోజు తెలిసింది. నిన్నటిదాకా ఉన్నది కోపం. కోపానికి అవతల ఒక మనిషంటూ ఉంటాడు.

గడియ తీశాను. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

“నాకేదో అయింది,” అన్నాను. “పదండి.”

జూన్ 25, బుధవారం, ఆస్పత్రి

తలకి స్కాన్ తీశారు. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని తెల్లకాగితాల మీద రాసి చూపించింది. చేతిరాత గుండ్రంగా ఉంది, డాక్టర్ల రాతలా లేదు. మొదట అదీ అనుమానంగానే అనిపించింది.

చెవి పని గాలిలో కదలికను పట్టి నరంలోకి పంపేవరకేనట. వినడం అక్కడితో అయిపోదట. రెండు చెవులకీ కాస్త పైన, మెదడు మడతల్లో, అటొకటి ఇటొకటి చోట్లున్నాయి. ఆడిటరీ కార్టెక్స్ అని రాసింది. అక్కడ కణాలు హార్మోనియం మెట్లలా వరసగా ఉంటాయి, మంద్రమైన శబ్దాలకి ఒక కొస, సన్నవాటికి ఇంకో కొస. వచ్చిన చప్పుడుని అక్కడ విడగొట్టి, ఇది గేటు, ఇది గొంతు, ఇది ‘ప’, ఇది ‘బ’ అని తేల్చే పని మొదలవుతుంది. ‘ప’కీ ‘బ’కీ తేడా రెప్పపాటు కూడా ఉండదు. అంత చిన్న తేడాని పట్టడంలో ఎడమవైపుది పైచెయ్యి. రాగం, గొంతులో ఎత్తుపల్లాలు కుడివైపు ఎక్కువ చూసుకుంటుంది.

నాకు ఎడమవైపు ఎప్పుడో చిన్న గాయమైంది. నాకే తెలియదు. కుడివైపు దాని బరువు కూడా మోస్తూ వచ్చింది. ఈ నెలలో కుడివైపు కూడా దెబ్బ తింది. నా గుండె తాళం తప్పి కొట్టుకుంటోందట, అక్కడి నుంచి చిన్న చిన్న రక్తపు గడ్డలు పైకి పోతున్నాయట. మసక వచ్చి మళ్ళీ పోయిన రోజులు కూడా వాటి పనే కావచ్చంది.

పదకొండో తారీఖున పిచ్చుక సెలవులో ఉంది. అది ఉత్త కాకతాళీయం.

స్కాన్ ఫిల్మ్ మీద నా పేరు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.

జూలై 4, శుక్రవారం

ఇంటికి వచ్చాను. మందులు. వారానికి మూడుసార్లు మాటల టీచరు. పెదాలు చూస్తూ, నెమ్మదిగా చెబితే, ముందే ఏ విషయమో తెలిస్తే, కొన్ని మాటలు దొరుకుతున్నాయి. వెనకనుంచి పిలిస్తే ఏమీ లేదు. పాటలు పాత్రల చప్పుళ్ళయిపోయాయి. రేడియో తీసి అటక మీద పెట్టించాను.

కానీ గొంతుల తీరు కొంచెం మిగిలింది. కుడివైపు దెబ్బ పూర్తిగా తగల్లేదంది డాక్టరమ్మ. మా ఆయన అమ్మాయిని కసిరితే మాటలు తెలియవు, కసురు తెలుస్తుంది. అమ్మాయి ధైర్యం చెబుతున్నట్టు మొహం పెడుతుంది, గొంతులో మాత్రం ధైర్యం లేదు. మాటలు అడ్డం లేకపోతే గొంతు ఎంత పచ్చిగా ఉంటుందో.

జూలై 12, శనివారం

పిచ్చుక వచ్చింది. నేను ఎదురెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళను?

నాకు రాసి చూపించడానికి ఇంట్లో పెట్టిన పలక మీద రాసింది. నేను తడబడుతున్నానని మే నెలాఖరులోనే కనిపెట్టిందట. ఎవరికీ చెప్పకుండా నా లైన్లోకి వచ్చి వింటూ, నేను తప్పు టైప్ చేసినప్పుడల్లా వెనకనుంచి దిద్దుతూ వచ్చిందట. నా తీగ తీసింది, లోపం అందులో ఉందేమో చూడటానికట. పన్నెండో తారీఖు సాయంత్రం తన దగ్గర వేరే కాల్ నడుస్తోంది, అందుకని నాది వినలేకపోయింది. మేనేజరుకి ముందే చెప్పి ఉండాల్సింది, మీ కుర్చీ పోతుందని చెప్పలేదు అని రాసింది.

నా అనుమానంలో సగం నిజం. మిగతా సగానికి నేను సిగ్గుతో చచ్చిపోవాలి. రెండు చేతులూ పట్టుకున్నాను. ఏమన్నానో రాయను.

తర్వాత అడిగాను, ఆ పెద్దాయన ఎలా ఉన్నారని. పలక చెరిపి, “బాగున్నారు” అని రాసింది. రాసేముందు మా ఆయన వైపు చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారు. మాటలు అందలేదు. గొంతులు మాత్రం బాగున్న మనిషి గురించి మాట్లాడే గొంతులు కావు.

జూలై 13, ఆదివారం

మా ఆయన్ని అడిగాను. “బాగున్నారు” అని రాశారు. అదే మాట. చుక్క కూడా పెట్టారు. ఆయన రాతలో నేనెప్పుడూ చుక్క చూడలేదు.

జూలై 17, గురువారం

నిజంగా దాచనప్పుడు అందరి మీదా విరుచుకుపడ్డాను. ఇప్పుడు దాస్తున్నారు, నోరెత్తే హక్కు లేదు. డాక్టరమ్మ చెప్పిందట, నన్ను కంగారు పెట్టొద్దని. ఇది అమ్మాయి పెదాల మీద పట్టుకున్నాను.

జూలై 22, మంగళవారం

వెళ్ళాను. బళ్ళ డిపో వెనక సందు. మాటల టీచరు దగ్గరికని చెప్పి బస్సెక్కాను.

సందులో జబ్బుపడ్డ పెద్దాయన ఇల్లని అడుగుతూ, వాళ్ళు చెయ్యి చూపిన వైపు పోతే ఇల్లు దొరికింది. నీలం తలుపు. ఒకావిడ తీసింది. “నాకు మాటలు అర్థం కావు, దయచేసి రాయండి” అన్న కార్డు చూపించాను. చందాలకి వచ్చాననుకున్నట్టుంది, తల అడ్డంగా ఊపి తలుపు వేయబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆ రోజు మీ ఫోన్ తీసింది నేనేనండీ. బండిని పాల డిపోకి పంపింది నేను.”

 ఆవిడ తలుపు పట్టుకునే మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. గొంతు పైకి లేచింది, కిందికి పడింది, ఒకచోట విరిగింది. ఆ విరిగిన చప్పుడు నాకు తెలుసు, రికార్డింగులో విన్నాను. తిడుతోందని తెలుస్తోంది. ఏమని తిడుతోందో తెలియదు. ఆపమనలేదు. ఒక్క మాట అందితే బాగుండునని మాత్రం అనుకున్నాను.

లోపలనుంచి ఇంకో గొంతు వచ్చింది. ఆవిడ ఆగిపోయింది.

ఆవిడ భుజం మీదుగా చూశాను. కిటికీ పక్కన కుర్చీలో పెద్దాయన. నోరు ఒక పక్కకి జారి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టిన వస్తువులా ఉంది. నా వైపు చూసి ఏదో అన్నారు. అందరి మాటల్లాగే ఉంది నాకు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆవిడ నా చేతిలో కార్డు లాక్కుని వెనక రాసింది. “ఆయనకి మాట పోయింది. ఏమంటున్నారో ఎవరికీ తెలియదు. బండి ముందే వస్తే ఇలా అయ్యేది కాదేమోనని డాక్టర్లు అన్నారు. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి.” కొంచెం ఆగి, ఇంకో వరస. “మీరెందుకొచ్చారు?”

 పెద్దాయన ఎడమచేత్తో పక్కన ఉన్న స్టూలుని రెండుసార్లు తట్టారు. వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ మమ్మల్నిద్దర్నీ అలా చూస్తూ నిలబడింది. మంచినీళ్ళు ఇవ్వలేదు. పొమ్మని కూడా అనలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకి కార్డు చూపించాను. ఆయన చదివి, పక్కన కూర్చుని, చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

జూలై 25, శుక్రవారం

మళ్ళీ వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి పక్కకి జరిగింది. పెద్దాయన చెప్పడం మొదలుపెట్టారు. నేను వింటూ కూర్చున్నాను. మధ్యలో ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమంటున్నారన్నట్టు నా వైపు గడ్డం ఎగరేసింది.

తెలియదండీ అన్నాను. ఆయన చెప్పడం ఇంకా అయిపోలేదన్నాను.